మహారాజశ్రీ 1 గంట 48 నిమిషాల గారి సముఖమునకు

గాజువాక, విశాఖపట్నం.

అయ్యా,

ఉభయకుశలోపరి. మంగళూరులో మా మేనల్లుడి గృహప్రవేశానికి వెళ్ళవలసి వచ్చి, దూరమెంతో చూడమని మా అబ్బాయిని అడిగినప్పుడు వాడి ఫోనులో తమ దర్శనభాగ్యం కలిగింది. విశాఖ నుంచి మంగళూరుకు గగనమార్గాన దాదాపు 1,040 కిలోమీటర్లు, ప్రయాణం 1 గంట 48 నిమిషాలు. బంగాళాఖాతం ఒడ్డున ఇడ్లీ తిని, అరేబియా సముద్రం ఒడ్డున విస్తరి ముందు కూర్చుంటానని మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా పోయాను.

తమ జన్మవృత్తాంతం తరువాత తెలిసింది. గుండ్రటి భూమి మీద రెండు ఊళ్ళను కలిపే అతి దగ్గరి గీత గీసి, దాని పొడవును గంటకు 800 కిలోమీటర్ల వేగంతో భాగించి, ఎగరడానికీ దిగడానికీ ఒక అరగంట కలిపితే తమరు ఉద్భవిస్తారు. లెక్కలో దోషం లేదు. ఆ గీత మీద ఎగిరే విమానమే నేను బయలుదేరిన రోజున లేదు.

ఇలాంటి రెండు చిన్న ఊళ్ళ మధ్య (విశాఖను చిన్న ఊరంటే మావాళ్ళు ఒప్పుకోరు, అది వేరే సంగతి) రోజూ 180 సీట్లు నిండడం కష్టం గనుక, నాలుగు ఊళ్ళ జనాన్ని ఒక పెద్ద విమానాశ్రయంలో పోగేసి అక్కడి నుంచి పంచుతారు. నన్ను బెంగళూరు మీదుగా పంపారు. ముక్కేదంటే తల చుట్టూ చేయి తిప్పి చూపించారని తిట్టుకుందామన్నా వీలు లేకపోయింది. విశాఖ నుంచి బెంగళూరుకు సుమారు 780, అక్కడి నుంచి మంగళూరుకు 305, వెరసి 1,085. అంటే తమ గీత కంటే 45 కిలోమీటర్లు ఎక్కువ. మా ఇంటి నుంచి అనకాపల్లి పోయి వచ్చినంత. ఆ అనకాపల్లికి నాకు ఏడు గంటలు పట్టింది.

తెల్లవారుజామున నాలుగున్నరకు ఆటో ఎక్కి షీలానగర్ దాటిన మనిషిని, పదకొండింటికి బెంగళూరులో ఒక స్తంభం పక్క చార్జింగ్ పాయింటు దగ్గర చతికిలబడి, అరిటాకు పొట్లం విప్పి పులిహోరలో మెత్తబడిన పల్లీలు ఏరుకుంటున్నాను. ఎదుటి బోర్డు మీద నా విమానం వేళ మూడుసార్లు మారింది. టైమ్‌టేబుల్ వేసేవారైనా విమానం నిలిచిన చోటు నుంచి కదిలింది మొదలు మరో ఊళ్ళో ఆగేదాకా లెక్కగడతారు. రన్‌వే ముందు వరుసలో కాచుకున్న నిమిషాలూ అందులోకి వస్తాయి. తమకు ఆపాటి మొహమాటం కూడా లేదు.

కావున, ఇకమీదట తమ పక్కన ‘విమానం ఉన్నచో’ అని రెండు మాటలు చేర్చుకోవలసిందిగా మనవి.

ఇట్లు,
చివరి పంక్తి లేచాక చేరిన
తమ విధేయుడు