నది తెలిసినవాడికే లైసెన్సు ఇవ్వాలి

పడవ మునిగిన ప్రతిసారీ లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయి, ఎంతమందిని ఎక్కించారు అని లెక్కలు తీస్తాం. స్టీరింగ్ పట్టిన మనిషికి ఆ నీళ్లు ఎంత తెలుసని మాత్రం అడగం. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే పర్యాటక బోటు మునిగిన నాడు గోదావరి వరద మీద ఉంది. చనిపోయిన సిబ్బంది మీద నేరం మోపడానికి ఇది రాయడం లేదు. నా తగువు లైసెన్సు ఇచ్చే పద్ధతితోనే.

విశాఖ రేవుకు వచ్చే ఓడను చూడండి. సముద్రాలు దాటొచ్చిన కెప్టెన్ కూడా హార్బర్ బయట ఆగి, రేవు పైలట్‌ను ఎక్కించుకుంటాడు. ఆయనకు ఓడ తెలుసు, పైలట్‌కు ఆ నీళ్లు తెలుసు. మరి నదిలో? నది ఇంకా మొండిది. ఒక్క వరదకు ఇసుక తిన్నె జరిగిపోతుంది. నిరుడు నిలువు లోతున్న చోట ఈ ఏడు మోకాలి లోతే ఉంటుంది. అందుకే పాపికొండల్లాంటి ఇరుకు దారులకు సరంగు, అంటే బోటు నడిపేవాడి, సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. ఆ భాగానికి విడిగా అనుమతి ఉండాలి, ఏటా వరద తగ్గాక దాన్ని మళ్లీ పరీక్షించి ఇవ్వాలి.

1917 నాటి చట్టాన్ని తీసేసి 2021లో నదుల్లో, కాలువల్లో తిరిగే పడవలకు అంతర్గత నౌకల చట్టం తెచ్చిందే దేశమంతటా ఒకే పద్ధతి కోసం కదా, మళ్లీ ఊరికో అనుమతి ఏమిటని కొందరంటారు. ఐరోపా యూనియన్ 2017లో సభ్య దేశాలన్నిటా చెల్లే సర్టిఫికెట్ తెచ్చింది. అయినా ప్రమాదం ఎక్కువున్న నదీ భాగాలకు ప్రత్యేక అనుమతి అడిగే వీలు ఉంచింది. రెండూ కలిసి నడుస్తాయి.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. చేత్తో నేర్చిన విద్యను మనం చదువుగా లెక్కపెట్టం. కచ్చులూరులో నావికాదళం, ఎన్డీఆర్ఎఫ్ గాలించాయి. చివరికి అక్టోబర్ 22న బోటును బయటికి లాగింది కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం, లంగర్లతో, ఇనుప తాళ్లతో. అలాంటివాళ్లను ప్రాణాలు పోయాక పిలవడం కాదు, లైసెన్సు ఇచ్చే రోజునే పరీక్షకులుగా కూర్చోబెట్టాలి. నదిమీదే పెరిగి, బడికి సరిగా వెళ్లని కుర్రాడు కాగితం మీద రాయలేక వెనకబడకూడదు. పరీక్ష తెలుగులో, నోటితో, బోటు మీదే జరగాలి. నీళ్లు ఇలా రంగు మారితే ఏం అర్థం? ఈ మలుపులో సుడి ఎటు లాగుతుంది? ఇంజిన్ ఆగితే ఏ ఒడ్డుకు చేరుస్తావు?