జాక్‌హామర్‌తో పాటు మాస్కు కూడా ఇవ్వండి

ఇంటి వెనక పాత గచ్చు తవ్వడానికి, కాంక్రీటు పగలగొట్టే జాక్‌హామర్ యంత్రం అద్దెకు తెచ్చాను. పని ముగిసి రెండు రోజులైనా చేతుల తిమ్మిరి పూర్తిగా వదల్లేదు. కోపం అసలే వదల్లేదు.

అద్దెకిచ్చిన మనిషి స్విచ్చు చూపించాడు, ఉలి బిగించడం చూపించాడు, సాయంత్రం ఎన్నింటికి తిరిగివ్వాలో రెండుసార్లు చెప్పాడు. దుమ్ము మాట మాత్రం ఎత్తలేదు. కాంక్రీటులో ఇసుక, కంకర ఉంటాయి. వాటిలో సిలికా అనే ఖనిజం ఉంటుంది. పొడిగా పగలగొడితే లేచే తెల్లటి మబ్బుకన్నా, అందులో కంటికి కనిపించని నలుసులే ప్రమాదం. అవి ఊపిరితిత్తుల లోతుకు చేరి అక్కడే ఉండిపోతాయి. వాటివల్ల సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తే నయం చేసే మందు లేదు. ఈ దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది. మూతికి రుమాలు చుట్టుకుంటే ఇది ఆగదు. ముఖానికి సందు లేకుండా అతుక్కునే ఎన్95 మాస్కు కావాలి. పగిలే చోట నీళ్లు చిలకరిస్తూ ఉండాలి, ఆ తడి కరెంటు తీగ దాకా పోకుండా చూసుకోవాలి.

రోజు అద్దె కాబట్టి తొందర. ఆ తొందరలో నేను గచ్చు నడిమధ్యన నిలబడి ఒళ్లంతా బరువు వేసి నొక్కాను. ఉలి లోపల ఇరుక్కుపోయింది, అరగంట పోయింది. కాంక్రీటు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, లాగుడును మాత్రం అందులో సుమారు పదో వంతే ఓర్చుకుంటుంది. అందుకే పెళ్ల విడిపోవడానికి పక్కన ఖాళీ ఉండాలి. అంచు నుంచి జానెడు లోపల ఉలి ఆనించి యంత్రం బరువుకే వదిలేశాక చూశాను: ఖణఖణలాడే చప్పుడు ఒక్కసారి బొంగురుపోయింది, వెంట్రుకంత బీట అంచుదాకా పాకింది, పెళ్ల కదిలింది. అక్కడితో ఆపి పక్కకు జరగాలి. మిగతాది పలుగు చూసుకుంటుంది.

చేతుల తిమ్మిరి సంగతీ కొత్తది కాదు. గాలి ఒత్తిడితో నడిచే సుత్తులతో సున్నపురాయి చెక్కే కార్మికుల వేళ్లు తెల్లబడి మొద్దుబారడాన్ని వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ 1918లో అమెరికాలోని ఇండియానాలో పరిశీలించి రాశారు. నూరేళ్లు దాటింది. అయినా ఈ యంత్రాన్ని మిక్సీ ఇచ్చినట్టు చేతికిచ్చి పంపుతున్నారు.

నాది ఒక్క రోజు పని. రోజూ దీనితోనే బతికే కూలీ ఎన్నేళ్లు ఆ దుమ్ము పీల్చాలి? యంత్రం పెట్టెలోనే మాస్కులు, చెవులకు రక్షణ పెట్టండి. వాటి డబ్బు అద్దెలో కలపండి. నేను సంతోషంగా ఇస్తాను.