ఉపాధి కూలీకి ఉన్న తనిఖీ మేడిగడ్డకు ఎందుకు లేదు?

మండల కేంద్రంలో షామియానా కింద ఉపాధి హామీ సామాజిక తనిఖీ ప్రజావేదిక జరిగేటప్పుడు ఒక్కసారైనా వెళ్లి కూర్చోవాలి. అక్కడ చదివే లెక్కలు వినడానికి నవ్వొచ్చేంత చిన్నవి. ఫలానా కుంట పూడికతీత, ఫలానా వారం మస్టరు, అందులో ఉన్న పేర్లలో ఇద్దరు ఆ వారం ఊళ్లోనే లేరు. ఇంకొకాయన చనిపోయి ఏడాదవుతోంది, వేలిముద్ర మాత్రం పడింది. ఎం-బుక్‌లో, అంటే పని కొలతల పుస్తకంలో రాసిన కొలతకీ, టేపు పట్టి చూస్తే వచ్చిన కొలతకీ అడుగున్నర తేడా. ఇదంతా మైకులో చదువుతుంటే ఫీల్డ్ అసిస్టెంట్ చేతులు కట్టుకుని నిలబడతాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఆ పనికి పలుగూ పారా పట్టుకుని వెళ్లినవాళ్లే కాబట్టి కథలు చెబితే కుదరదు. వెయ్యో రెండు వేలో రికవరీ రాస్తారు. ఒక్కోసారి ఉద్యోగమే పోతుంది.

బ్యారేజీ కట్టేటప్పుడూ ఎం-బుక్ ఉంటుంది. ఇంజినీరు కొలత రాస్తాడు, పై అధికారి సరిచూస్తాడు, బిల్లు పాసవుతుంది. దాన్ని మైకులో చదివే షామియానా మాత్రం ఎక్కడా ఉండదు.

కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టు గురించి రాస్తున్నానని అర్థమయ్యే ఉంటుంది. అందులోని మేడిగడ్డ బ్యారేజీలో పిల్లర్లు ఎందుకు కుంగాయి, తప్పెవరిది అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. దానికి కమిషన్లు, దర్యాప్తు సంస్థలు, కోర్టులు ఉన్నాయి. నేను అడిగేది అంతకు ముందటి సంగతి. లక్ష కోట్లు దాటిన ఒక ఖర్చు, ఎక్కడా ఒకే మొత్తంగా అనుమతికి రాకుండా అంత దూరం ఎలా వెళ్లింది?

ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే కాగ్ 2024 ఫిబ్రవరి 15న తెలంగాణ అసెంబ్లీ ముందుకొచ్చిన తన నివేదికలో చెప్పినవాటిలో నిర్మాణ లోపాల కంటే నన్ను ఎక్కువసేపు ఆపేసిన విషయం ఒకటుంది. ప్రాజెక్టు మొత్తానికి కలిపి పరిపాలనా అనుమతి ఇచ్చిన దాఖలా లేదు. ముక్కలు ముక్కలుగా 73 అనుమతులు ఇచ్చుకుంటూ పోయారు. అన్నీ కలిపితే 1,10,248 కోట్లు. డీపీఆర్‌కు (సమగ్ర ప్రాజెక్టు నివేదికకు) కేంద్ర జల సంఘం ఆమోదం రాకముందే 25 వేల కోట్ల పైచిలుకు విలువైన 17 పనులు కాంట్రాక్టర్ల చేతికి వెళ్లిపోయాయి. ఇల్లు కట్టేవాడు పునాదికి ఒక చీటీ, గోడకు ఒక చీటీ, కిటికీకి ఒక చీటీ రాసుకుంటూ పోతే ‘మొత్తం ఎంతవుతుంది’ అని అడిగే సందర్భమే రాదు. అడగాలనుకున్నవాడికి ఏ చీటీ దగ్గర ఆపాలో తెలియదు. చేతికొచ్చిన చీటీ ఒక్కదాన్నే చూస్తే ఏదీ అంత పెద్దదిగా కనపడదు కదా.

కేంద్ర జల సంఘానికి చూపిన అంచనా 81,911 కోట్లు. అంతా అయ్యేసరికి 1,47,427 కోట్లు దాటవచ్చని కాగ్ లెక్క తేల్చింది. రూపాయి పెడితే రూపాయిన్నర ప్రయోజనం వస్తుందని ప్రభుత్వం చూపింది. పెరిగిన ఖర్చుతో కాగ్ మళ్లీ లెక్కేస్తే అది 52 పైసలయింది. 18.25 లక్షల ఎకరాల కొత్త ఆయకట్టు లక్ష్యం కాగా 2022 మార్చి నాటికి సిద్ధమైంది 40,888 ఎకరాలు.

ఈ 52 పైసల లెక్కను బీఆర్ఎస్ ఒప్పుకోదు. తాగునీరు, నిండిన చెరువులు, పైకొచ్చిన భూగర్భ జలం, పెరిగిన వడ్ల దిగుబడి ఇవన్నీ లెక్కలోకి రావాలంటుంది. సాగునీటి పథకాన్ని వడ్డీ వ్యాపారి కళ్లతో చూడకూడదన్న మాటలో న్యాయం లేకపోలేదు. గోదావరి నీళ్లు కింద పారుతుంటే పైన బోర్లు వేసి అప్పులపాలైన రైతు దగ్గరికి వెళ్లి నిష్పత్తుల గురించి మాట్లాడితే ఎవరికైనా కోపం వస్తుంది. సరే, ఆ వాదనే ముందు చెప్పి ఉండాల్సింది. ‘మాకు రూపాయికి సగమే తిరిగి వస్తుంది, అయినా రైతు కోసం కడతాం’ అని చెప్పి సభ ఆమోదం అడిగే హక్కు ఎన్నికైన ప్రభుత్వానికి ఉంది. బహుశా జనం చప్పట్లు కూడా కొట్టేవాళ్లు. కానీ కాగితం మీద రాసింది రూపాయిన్నర.

2016 మార్చి 31న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలో సాగునీటి మీద పవర్ పాయింట్ ప్రెజెంటేషన్ ఇచ్చారు. ఆ రోజు కాంగ్రెస్ సభకు రాలేదు. ప్రెజెంటేషన్ ఇవ్వడం జవాబుదారీతనం కాదన్నది నిజమే. కానీ అడగాల్సినవాళ్లు ఆ రోజు బయట ఉండి, తొమ్మిదేళ్ల తర్వాత అదే ప్రాజెక్టు మీద కమిషన్ నివేదికను సభలో చర్చకు పెట్టడం కూడా గుర్తుంచుకోవాల్సిన సంగతే.

ఇక డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. కాళేశ్వరం ఇరిగేషన్ ప్రాజెక్ట్ కార్పొరేషన్ పేరుతో 87 వేల కోట్లకు పైగా రుణ ఒప్పందాలు జరిగాయి. ఆ కార్పొరేషన్ నీళ్లమ్మి అప్పు తీర్చే పరిస్థితి లేదు. వాయిదాలు కట్టేది రాష్ట్ర ఖజానాయే. అయినా అప్పు కార్పొరేషన్ పేరు మీద ఉంది కాబట్టి బడ్జెట్ పుస్తకంలో రాష్ట్ర అప్పుల పద్దులో కనపడదు. ఈ కిటుకు తెలంగాణ ఒక్కదానిదే కాదు. ఆంధ్రప్రదేశ్‌లో స్టేట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అని పెట్టి, మద్యం మీద రాబోయే పన్నును చూపించి బ్యాంకుల్లో అప్పు తెచ్చారు. కొడుకు పేరు మీద అప్పు చేసి, జీతంలోంచి తండ్రి కడుతూ, ఊళ్లో మాత్రం ‘నాకు అప్పుల్లేవు’ అని చెప్పుకున్నట్టు.

దీనికి అడ్డుకట్ట రాజ్యాంగంలోనే ఉంది. 293వ అధికరణ ప్రకారం ప్రభుత్వం ఇచ్చే గ్యారంటీలకు శాసనసభ చట్టం చేసి హద్దు పెట్టవచ్చు. రెండు రాష్ట్రాలూ పెట్టుకున్నాయి, రాబడిలో 90 శాతం అని. ఆ హద్దు ఇరుకనిపించేసరికి తెలంగాణ దాన్ని 200 శాతానికి, ఆంధ్రప్రదేశ్ 180 శాతానికి జరుపుకున్నాయి. ఓటేసింది ఎమ్మెల్యేలే. పొలం గట్టు జరిపితే తలలు పగలగొట్టుకునే జనం మనం, ఈ గట్టు జరిగినప్పుడు పేపర్లో ఎన్నో పేజీలో వచ్చిందో కూడా గుర్తులేదు.

2022 మార్చిలో కేంద్ర ఆర్థిక శాఖ ఇలాంటి అప్పులన్నిటినీ రాష్ట్ర అప్పులుగానే లెక్కేస్తామంది. రాష్ట్రాల హక్కుల మీద దాడి అని అరుపులు వినపడ్డాయి. కేంద్రం కూడా ఆహార సబ్సిడీ భారాన్ని ఏళ్ల తరబడి ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) అప్పుల కింద దాచింది కాబట్టి ఆ కోపంలో కొంత నిజముంది. అయితే ఢిల్లీ ఆపితే తప్ప ఆగని పరిస్థితి ఎందుకొచ్చిందన్నదానికి అది జవాబు కాదు. మన సభలో మన లెక్క మనం అడిగి ఉంటే కేంద్రం ఉత్తరం రాయాల్సిన అవసరమే ఉండేది కాదు.

అడగడానికి సభలో ఒక కమిటీ ఉంది, పీఏసీ, అంటే ప్రజా పద్దుల కమిటీ. కాగ్ నివేదికను ముందేసుకుని శాఖల కార్యదర్శులను పిలిచి ప్రశ్నించే పని దానిది. ఛైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. ఆ ఆనవాయితీ మన దగ్గర ఏమైందో చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. 2019లో కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యాక తెలంగాణ పీఏసీ ఛైర్మన్ పదవి అప్పటి అధికార పార్టీతో స్నేహంగా ఉన్న ఎంఐఎంకి వెళ్లింది. 2024లో అరెకపూడి గాంధీకి ఇచ్చారు. బీఆర్ఎస్ టికెట్ మీద గెలిచిన ఆయన కాంగ్రెస్ కండువా కప్పుకున్నారని బీఆర్ఎస్, లేదు ప్రతిపక్షంలోనే ఉన్నానని ఆయన. గొడవ వీధికెక్కింది, పోలీసులొచ్చారు. రాష్ట్ర ఖజానా మీద తనిఖీ ఎవరు చేయాలన్న ప్రశ్న ఎవరింటికి ఎవరొస్తారన్న సవాళ్లలో కొట్టుకుపోయింది.

ఆంధ్రప్రదేశ్ కథ ఇంకా చిత్రం. 2021 జులైలో అప్పటి పీఏసీ ఛైర్మన్ పయ్యావుల కేశవ్, దాదాపు 41 వేల కోట్ల చెల్లింపులు సరైన బిల్లులు, వోచర్లు లేకుండా ‘స్పెషల్ బిల్స్’ కింద వెళ్లాయని గవర్నర్‌కు ఫిర్యాదు చేశారు. అది సాఫ్ట్‌వేర్‌లో సర్దుబాట్ల వల్ల వచ్చిన లెక్క, డబ్బెక్కడికీ పోలేదని నాటి ప్రభుత్వం చెప్పింది. ఎవరిది నిజమైనా ఒక పీఏసీ ఛైర్మన్ అడగాల్సిన ప్రశ్న అదే. 2024లో ప్రభుత్వం మారింది, ఆయన ఆర్థిక మంత్రి అయ్యారు. 11 మంది ఎమ్మెల్యేలు మిగిలిన వైసీపీకి పీఏసీ ఎన్నికలో గెలిచే బలం లేదు, పోలింగ్‌ను బహిష్కరించింది. ఛైర్మన్ పదవి ప్రభుత్వంలో భాగస్వామి అయిన జనసేన ఎమ్మెల్యేకు దక్కింది. నిబంధనల ప్రకారం అంతా సక్రమమే. కానీ రేపు ‘స్పెషల్ బిల్స్’ లాంటిది ఇంకోటి కనపడితే గవర్నర్‌కు ఉత్తరం రాసేదెవరు?

అసలు పీఏసీ చేతికి కాగ్ నివేదిక అందడమే ఆలస్యమవుతుంది. 151వ అధికరణ ప్రకారం కాగ్ దాన్ని గవర్నర్‌కు ఇస్తారు, గవర్నర్ శాసనసభ ముందు పెట్టిస్తారు. ఎన్ని రోజుల్లో అన్న మాట అందులో లేదు. అందుకే నివేదికలు సమావేశాల చివరి రోజున, సభ్యులు బ్యాగులు సర్దుకునే వేళకి బల్ల మీదికొస్తాయి. కాళేశ్వరం విషయంలో వరస చూడండి. ప్రారంభం 2019 జూన్ 21. పిల్లర్లు కుంగింది 2023 అక్టోబర్ 21. కాగ్ నివేదిక సభకు వచ్చింది దాని తర్వాత నాలుగు నెలలకి, అదీ ప్రభుత్వం మారాక. జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ నివేదిక ఇచ్చింది 2025 జులై 31న. అందరికంటే ముందు రిపోర్ట్ ఇచ్చింది బ్యారేజీయే.

ఈ లోటును మన పార్టీలు శ్వేతపత్రాలతో పూడుస్తాయి. 2023 డిసెంబర్‌లో రేవంత్ రెడ్డి ప్రభుత్వం 6.71 లక్షల కోట్ల అప్పులున్నాయని శ్వేతపత్రం వేస్తే, నాలుగు రోజులకే బీఆర్ఎస్ ‘స్వేదపత్రం’ విడుదల చేసింది. తర్వాతి ఏడాది చంద్రబాబు ప్రభుత్వం ఒకటి కాదు, వరసపెట్టి శ్వేతపత్రాలు వేసింది. వాటిలో పనికొచ్చే సమాచారం ఉంది, కాదనను. కానీ తన మూడో ఏడాదిలో తన లెక్క మీదే శ్వేతపత్రం వేసుకున్న ప్రభుత్వాన్ని నేను చూడలేదు.

మామూలు మనిషి సొంతంగా అడుగుదామంటే ఆ దారి కూడా ఎప్పుడు మూస్తారో చెప్పలేం. 2021 ఆగస్టులో ఏపీలో జీవోలను ఆన్‌లైన్‌లో పెట్టడం ఆపేశారు. అంతకు ముందు కొన్నాళ్లు నంబరుండి లోపల ఏమీ లేని బ్లాంక్ జీవోలు కూడా చూశాం. మళ్లీ 2024లో మొదలుపెట్టారు. తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లే లేరు. ఆ రెండేళ్ల పైచిలుకులో రెండు పార్టీల ప్రభుత్వాలూ ఉన్నాయి.

ఇప్పుడు మళ్లీ షామియానా దగ్గరికి. లెక్కల పుస్తకాన్ని జనం మధ్య పెట్టి చదివే పద్ధతిని 1990లలో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ మొదలుపెట్టింది. దాన్ని ప్రభుత్వ యంత్రాంగంలోకి పూర్తిస్థాయిలో తెచ్చింది మాత్రం ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 2006లో అనంతపురంలో పెద్దఎత్తున తనిఖీ చేసి, 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీనే ఏర్పాటు చేశారు. మిగతా రాష్ట్రాలు వచ్చి చూసి వెళ్లేవి. దానికీ లోపాలున్నాయి. తేల్చిన సొమ్ములో వసూలయ్యేది కొంచెమే. బలయ్యేది ఎప్పుడూ ఫీల్డ్ అసిస్టెంటే, అతని వెనకున్న పెద్దమనిషి పేరు మైకులో రాదు. అయినా తెలిసినవాళ్ల ముందు లెక్క చదవడం అన్న పని అక్కడ జరుగుతోంది.

బ్యారేజీ డిజైన్ గురించి రైతుకేం తెలుసని ఇంజినీర్లు అంటారు. బ్యారేజీ పునాది కింద నేలలోకి దించే సీకెంట్ పైల్స్ గురించి తెలియకపోవచ్చు. బ్యాక్‌వాటర్‌లో ఏటా ఎన్ని ఎకరాల పంట మునుగుతోందో చెన్నూరు వైపు రైతులకు తెలుసు, మొత్తుకున్నారు కూడా. తన పొలం దాకా కాలువ వచ్చిందా లేదా అన్నది ఏ ఆయకట్టు రైతునడిగినా చెబుతాడు. 40,888 అన్న అంకె కోసం కాగ్ దాకా ఆగాల్సిన పనిలేదు.

ఉపాధి హామీ వెబ్‌సైట్‌లో ఊరి పేరు కొడితే ఎవరు ఎన్ని రోజులు పనికెళ్లారో, ఎంత కూలి పడిందో ప్రపంచంలో ఎవరైనా చూడొచ్చు. ఒక కూలీ వారం సంపాదన బహిరంగం. లక్ష కోట్ల ప్రాజెక్టుకు ఎన్ని అనుమతులిచ్చారు, అంచనా ఎన్నిసార్లు సవరించారు, ఏ బ్యాంకుకు ఎంత వడ్డీ కడుతున్నారు అన్నవి ఒక్కచోట కనపడే పేజీ మాత్రం లేదు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. అడగకుండానే సమాచారం బయటపెట్టాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 2005 నుంచే చెబుతోంది.

పోలవరం అంచనా 2010-11 ధరల్లో 16,010 కోట్లు, 2017-18 ధరల్లో 55,548 కోట్లు. అమరావతికి ప్రపంచ బ్యాంకు, ఏడీబీ, హడ్కో అప్పులు వచ్చాయి, టెండర్లు పిలిచారు, పనులు నడుస్తున్నాయి. హైదరాబాద్‌లో మూసీ ప్రాజెక్టు ఉంది. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ఏ పార్టీ సభ్యుడైనా లేచి, అమరావతికో మూసీకో ఇప్పటిదాకా ఎన్ని పరిపాలనా అనుమతులిచ్చారు, అన్నీ కలిపితే ఎంత అని ఒక్క ప్రశ్న వేస్తే చాలు. అది 73కు ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది.