పది మార్కుల పర్సెప్షన్ గారికి

మహారాజశ్రీ పర్సెప్షన్ గారికి,

నమస్కరించి వ్రాయునది. మీరంటే కాలేజీల మీద జనం మనసులో పడిపోయిన ముద్ర. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, మొన్న మా మేనకోడలి పెళ్లిలో కళ్లారా చూశాను. భోజనాల బంతిలో నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు.

మా అమ్మాయికి ఐఐటీలో సీటొచ్చిందని చెప్పగానే మా పెద్దబావగారు పప్పులో నెయ్యి కలుపుకుంటూ "పాతదా, కొత్తదా?" అన్నారు. ఐఐటీలు కూడా బియ్యంలాంటివే, పాతవైతేనే అన్నం పొడిపొడిగా వస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. "కొత్తదేనండీ. హైదరాబాద్, 2008లో పెట్టింది" అన్నాను. "ఓహో... పర్లేదు" అన్నారు. ఆ "పర్లేదు" కింద ఉన్న సంతకం మీదే.

ప్రభుత్వ కాగితాల్లో మీ వాటా ఎంతో చూశాను. కాలేజీలకు ర్యాంకులిచ్చే కేంద్ర విద్యాశాఖ వారి ఎన్‌ఐఆర్‌ఎఫ్ లెక్కలో ఇంజినీరింగ్ కాలేజీకి బోధన, వసతులకు 30 మార్కులు, పరిశోధనకు 30, చదివి బయటపడిన వాళ్ల సంగతికి 20, ఆడపిల్లలకూ పేదలకూ వేరే రాష్ట్రాల వాళ్లకూ చోటిచ్చినందుకు 10. అందరికన్నా చివర్న "పర్సెప్షన్" పేరుతో మీకు 10. అవీ కంపెనీల వాళ్లనీ ప్రొఫెసర్లనీ "మీకేమనిపిస్తోంది?" అని అడిగి వేసే మార్కులు. ఆ పది సెంట్లు చూపించి, పక్కనున్న తొంభై సెంట్లూ మీవే అన్నట్టు దున్నేస్తున్నారు!

అతిశయోక్తి అంటారేమో. మొదటి జాబితా వచ్చిన 2016 నుంచి 2025 దాకా ఇంజినీరింగ్‌లో ఏటా మొదటి స్థానం ఐఐటీ మద్రాసుదే. మరి జేఈఈ అడ్వాన్స్‌డ్ టాపర్లు ఎక్కడికి పోతున్నారు? బొంబాయి కంప్యూటర్ సైన్స్‌కి. అక్కడ ఆడపిల్లలకు విడిగా ఉంచినవి పోను, ఓపెన్ కేటగిరీ సీట్లు మొదటి 70 ర్యాంకుల్లోపే అయిపోతున్నాయి. ఎందుకయ్యా అంటే "టాపర్లంతా అక్కడే చేరతారు కదండీ" అంటారు. వాళ్లెందుకు చేరతారూ అంటే మళ్లీ అదే జవాబు. టిఫిన్ బండి దగ్గర జనం ఉన్నారని ఇంకో పదిమంది ఆగుతారు చూడండి, అదన్నమాట. ఇడ్లీ ఎలా ఉందో ఎవరూ చెప్పరు.

పోనీ మీ పాత-కొత్త లెక్కకైనా నిలకడ ఉందా? పాతదే గొప్పదైతే పీట వేయాల్సింది ఖరగ్‌పూర్‌కి. 1951లో, తెల్లవాళ్లు స్వాతంత్ర్య యోధుల్ని బంధించిన హిజ్లీ జైల్లో మొదలైంది. దాన్ని బొంబాయి, ఢిల్లీల వెనక్కి నెట్టారు. రూర్కీకి ఐఐటీ పేరు వచ్చింది 2001లో, అయినా 1847 నాటి కాలేజీ కదా అని పాతవాళ్ల బంతిలో కూర్చోబెట్టారు. బనారస్ హిందూ యూనివర్సిటీ, అదే బీహెచ్‌యూది మరీ పాపం. అక్కడ ఇంజినీరింగ్ చదువు 1919 నుంచీ ఉంది, ఐఐటీ అయింది 2012లో. అది పాతో కొత్తో ఇప్పటికీ తేలలేదు. పేరు మధ్యలో బ్రాకెట్లు ఉండటం వల్లేనని నా అనుమానం. మా హైదరాబాద్‌దేమో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో మొదలై, కందిలో సొంతిల్లు కట్టుకుని, పదిహేడేళ్లు దాటినా మీకింకా కొత్తకోడలే.

మీ ధాటి ఎంతటిదంటే, 2020లో ఏడు ఐఐటీలు కలిసి ప్రపంచ యూనివర్సిటీలకు టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ ఇచ్చే ర్యాంకుల్లో పారదర్శకత లేదంటూ వాటికి దూరంగా ఉంటామని ప్రకటించాయి. మిమ్మల్ని మాత్రం ఒక్కరూ బహిష్కరించలేదు. పైగా ఆ ఏడూ ఏవో ఊహించండి. బొంబాయి, ఢిల్లీ, మద్రాసు, కాన్పూర్, ఖరగ్‌పూర్, రూర్కీ, గువాహటి. అలకపాన్పు ఎక్కడానికి కూడా పాతవాళ్లకే హక్కు.

ఐఐటీ సీట్లు పంచే జోసా కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకునే రాత్రి బావగారు ఫోన్ చేశారు. "బ్రాంచి ఏదైతేనేం, పాతది పట్టండి. సుందర్ పిచాయ్ చదివింది ఖరగ్‌పూర్ మెటలర్జీయే!" అన్నారు. "మన సత్య నాదెళ్ల అసలు ఐఐటీయే కాదు కదండీ, మణిపాల్" అన్నాను. "అది వేరు" అన్నారు. ఎలా వేరో మీరే చెప్పాలి. మా అమ్మాయి మాత్రం ఈ గొడవంతా వినకుండా, తనకు కావలసిన బ్రాంచి పైన పెట్టుకుని పోయి పడుకుంది.

ఇలా మిమ్మల్ని కడిగేద్దామనే ఈ లేఖ మొదలుపెట్టాను. నిన్న మా ఆఫీసులో ఒకాయన స్వీటు డబ్బాతో వచ్చాడు. "మావాడికి ఐఐటీ వచ్చింది సార్" అన్నాడు. కాజా నోట్లో పెట్టుకుంటూనే "పాతదా, కొత్తదా?" అనేశాను.

"కొత్తదే సార్, 2016లో పెట్టింది" అన్నాడు.

మాది 2008.

"పర్లేదు, పర్లేదు" అని ఇంకో కాజా తీసుకున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు