ఫోర్ బై ఫోర్ ఉందన్న ధైర్యంతో ఖర్దుంగ్ లా ఎక్కొద్దు

వేసవి మొదలైందంటే కార్ల గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ తిరుగుతుంది. "ఫోర్ బై ఫోర్ ఉంటే ఖర్దుంగ్ లా మనకు ఘాట్ రోడ్డుతో సమానం" అని మొదలుపెట్టి ఆరు మాటలు చెబుతుంది. ఖర్దుంగ్ లా అంటే లద్దాఖ్‌లో లేహ్ ఊరి పైనున్న కొండ కనుమ (పాస్), ఫోర్ బై ఫోర్ అంటే ఇంజిన్ నాలుగు చక్రాలనూ తిప్పే బండి. ఈసారి నాకు పంపింది మా బావమరిది. వచ్చే నెల పిల్లలతో హైదరాబాద్ నుంచి థార్‌లో బయలుదేరుతున్నాడు. అందులో ఒక్క సలహా కూడా పాటించొద్దని ఫోన్‌లో గంటసేపు చెప్పాను. ఆ మెసేజ్ చేరిన మిగతావాళ్ల కోసం అదే ఇక్కడ రాస్తున్నాను.

"ప్రపంచంలోనే ఎత్తైన రోడ్డు, 18,380 అడుగులు." పైనున్న బోర్డు మీద చాలా ఏళ్లు ఈ అంకే ఉండేది. జీపీఎస్‌తో కొలిస్తే వచ్చేది 5,359 మీటర్లు, అంటే 17,582 అడుగులు. లద్దాఖ్‌లోనే ఉన్న ఉమ్లింగ్ లా మీదుగా, సరిహద్దు రోడ్లు వేసే బీఆర్ఓ వేసిన రోడ్డు 19,024 అడుగుల ఎత్తులో ఉంది, 2021లోనే దానికి గిన్నిస్ రికార్డు వచ్చింది. ఈ తప్పువల్ల ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు.

"ఫోర్ హై వేస్తే మంచు మీద బండి జారదు." ఇది మాత్రం ప్రాణాలు తీసే మాట. ఫోర్ హై అంటే నాలుగు చక్రాలకూ బలం వెళ్తూ, మామూలు వేగంతో నడిచేలా పెట్టే గేరు. ఫోర్ వీల్ డ్రైవ్ చేసే పని ఇంజిన్ బలాన్ని నాలుగు చక్రాలకూ పంచడం. అందుకే ఎక్కేటప్పుడు, దిగబడినప్పుడు అంత సాయం. బ్రేకు దగ్గరికొస్తే ఆల్టోకైనా థార్‌కైనా ఉన్నవి నాలుగు చక్రాల బ్రేకులే. బండిని ఆపేది టైరుకూ నేలకూ మధ్య ఉన్న పట్టు, ఐసు మీద లేనిదే అది.

నేను వెళ్లినప్పుడు పాస్ దాటి అవతలి వైపున్న నార్త్ పుల్లూ వైపు దిగుతున్నాం. ఎండ బాగా కాస్తోంది, రోడ్డంతా తడిసి మెరుస్తోంది. కొండ నీడ పడిన ఒక మలుపులో మాత్రం ఆ మెరుపు నీళ్లది కాదు, ఐసుది. ఫోర్ హైలోనే ఉన్నాను, స్పీడు ఇరవై కూడా లేదు. బ్రేకు తొక్కగానే కాలి కింద ఏబీఎస్, అంటే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, గటగటా కొట్టుకుంది. స్టీరింగ్ తిప్పాను, బండి తిరగలేదు, తిన్నగా పోతూనే ఉంది. అంచున పోసి ఉన్న మట్టికుప్పకు ముందు టైరు తగిలి ఆగింది. కాసేపటికి వెనక నుంచి ఒక ఇన్నోవా వచ్చింది. వెనక చక్రాలతోనే నడిచే బండి. టైర్లకు చెయిన్లు కట్టుకుని, ఫస్ట్ గేరులో మెల్లగా మమ్మల్ని దాటి దిగిపోయింది. చెయిన్లు కొనుక్కోండి. కట్టడం ఇంటి దగ్గరే నాలుగుసార్లు చేసి చూసుకోండి, అక్కడ చలికి వేళ్లు మాట వినవు.

"లేహ్ దాటగానే ఫోర్ హై వేసి మళ్లీ కిందికొచ్చేదాకా తీయొద్దు." థార్, జిమ్నీ లాంటి బండ్లలో ముందు, వెనక ఇరుసుల మధ్య సెంటర్ డిఫరెన్షియల్, అంటే రెండు ఇరుసులనూ వేర్వేరు వేగంతో తిరగనిచ్చే గేర్ల ఏర్పాటు, ఉండదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరగాలి. మట్టి మీదో మంచు మీదో అయితే టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు, ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. హెయిర్‌పిన్‌లో స్టీరింగ్ పట్టేసినట్టవుతుంది, టైర్లు కీచుమంటాయి, చివరికి ఫోర్ హై నుంచి లివర్ కూడా బయటికి రాదు. అప్పుడు నాలుగడుగులు రివర్స్ తీస్తే వదులుతుంది. పొడి రోడ్డు మీద టూ హైలోనే, అంటే రెండు చక్రాలకే బలం వెళ్లేలా పెట్టి, నడపండి.

"పవర్ తగ్గితే ఫోర్ లో వేయండి, తిరిగొస్తుంది." పైన గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానికి సుమారు సగం. గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో లేని పెట్రోల్ ఇంజిన్ బలం కూడా దగ్గరదగ్గరగా సగానికి పడిపోతుంది. ఫోర్ లో అంటే నాలుగు చక్రాలూ నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిరిగే గేరు. అది చక్రం దగ్గర తిప్పే బలాన్ని పెంచుతుందే తప్ప ఇంజిన్‌కు అదనంగా గాలి ఇవ్వదు. రాళ్లలో, వాగులో దాని అవసరం ఉంది. తారు మీద ఫస్టో సెకండో వేసుకుని ఓపిగ్గా ఎక్కండి, ఎక్కిన గేరులోనే దిగండి.

"ఎత్తుకు టైర్లు పేలతాయి, సగం గాలి తీసేయండి." బయటి ఒత్తిడి తగ్గితే గేజ్‌లో అంకె పెరిగే మాట నిజమే, కానీ లేహ్ నుంచి పైదాకా ఆ పెరుగుదల రెండు పీఎస్ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత). పైన చలికి తగ్గేది కూడా దాదాపు అంతే. లేహ్‌లో పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, కంపెనీ చెప్పినంత పెట్టుకుంటే చాలు. సగం గాలితో పదునైన రాళ్ల మీద పోతే టైరు పక్కగోడ చీలిపోతుంది. గాలి తగ్గించేది నుబ్రా లోయలోని హుండర్ లాంటి చోట్ల ఇసుకలో దిగబడినప్పుడు.

"కర్పూరం వాసన చూస్తూ బండిలోనే కూర్చుంటే ఏమీ కాదు." బండిలో కూర్చున్నా పీల్చేది ఆ పలచని గాలే. కర్పూరం ముక్కుకు చల్లగా తగులుతుంది, ఒంటికి రవ్వంత ఆక్సిజన్ కూడా ఇవ్వదు. చిన్నపిల్లలు మింగితే విషం, వాళ్ల చేతికి అసలు ఇవ్వొద్దు. లేహే 11,500 అడుగుల ఎత్తు. విమానంలో దిగినవాళ్లు కనీసం 48 గంటలు విశ్రాంతి తీసుకోవాలి. మనాలి మీదుగా వెళ్లేవాళ్లు జిస్పాలో ఒక రాత్రి ఆగండి, 14,000 అడుగుల సర్చులో పడుకోవద్దు. ఎత్తు జబ్బు రాకుండా వాడే డయామాక్స్ మాత్ర సంగతి బయలుదేరకముందే డాక్టర్‌ను అడగండి.

మేం ఈ పొరపాటు చేశాం, లేహ్‌లో దిగిన మర్నాడే బయలుదేరాం. లేహ్ నుంచి ఎక్కే దారిలోని సౌత్ పుల్లూ చేరేసరికి వెనక సీట్లో ఉన్న మా స్నేహితుడు అడిగిందే మళ్లీ అడుగుతున్నాడు. తల పగిలిపోతోందన్నాడు, వాంతి చేసుకున్నాడు. పిడికిట్లో కర్పూరం బిళ్ల అలాగే ఉంది. బండి అక్కడే తిప్పేశాం. లేహ్‌లో డాక్టర్ దగ్గర ఆక్సిజన్ పెట్టాక, రాత్రికి తనంతట తనే కాస్త అన్నం అడిగాడు. మూడు రోజులాగి, డాక్టర్ సరేనన్నాకే మళ్లీ బయలుదేరాం.