రెండు ఎలుకలను కలిపి కుట్టి ఊబకాయం గుట్టు విప్పిన డగ్లస్ కోల్‌మన్

నోరు కట్టుకోలేనివాళ్లకే ఊబకాయం వస్తుందని వైద్యులు సైతం నమ్మిన రోజుల్లో, దాని మూలం రక్తంలో తిరిగే ఒక సంకేతంలో ఉండొచ్చని చూపిన శాస్త్రవేత్త డగ్లస్ కోల్‌మన్. ఆ సంకేతాన్ని మోసే పదార్థం ఏమిటో ఆయనకు తెలియదు, దాన్ని వేరుచేసే సాధనాలూ అప్పట్లో లేవు. అయినా 1973 నాటికి ఆయన చెప్పిన మాట 1994 తర్వాత ఉన్నదున్నట్టు నిజమైంది. ప్రయోగాన్ని పకడ్బందీగా పన్నితే ఎంత దూరం వెళ్లవచ్చో ఆయన పరిశోధన చెబుతుంది.

కెనడాలో పుట్టిన ఈ జీవరసాయన శాస్త్రవేత్త 1958లో అమెరికాలోని బార్ హార్బర్‌లో ఉన్న జాక్సన్ లేబొరేటరీలో చేరి, 1991లో విరమించేదాకా అక్కడే పనిచేశారు. చిట్టెలుకల జన్యు వంశాల (దగ్గరి బంధువుల మధ్యే తరతరాలుగా పెంచడంతో జన్యువులు దాదాపు ఒకేలా ఉండే ఎలుకల) పెంపకానికి పేరున్న సంస్థ అది. విపరీతంగా లావెక్కే 'ఒబీస్' ఎలుక 1949లో అక్కడే బయటపడింది. లావుతో పాటు తీవ్ర మధుమేహం కూడా వచ్చే 'డయాబెటిస్' ఎలుక గురించి 1966లో ప్రకటించారు.

ఈ రెండో రకం రక్తంలో ఏదైనా పదార్థం తిరుగుతోందా అని చూడటానికి కోల్‌మన్ పారాబయోసిస్ పద్ధతిని ఎంచుకున్నారు. ఇందులో రెండు ఎలుకల పక్కభాగాలను భుజం నుంచి తుంటి దాకా కోసి కలిపి కుడతారు. గాయం మానే కొద్దీ సన్నని రక్తనాళాలు అటూ ఇటూ అల్లుకుంటాయి. రక్తం మార్పిడి చాలా నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి గ్లూకోజు, ఇన్సులిన్ లాంటి త్వరగా ఖర్చయిపోయేవి అవతలి ఎలుకను పెద్దగా కదిలించవు. రక్తంలో ఎక్కువసేపు నిలిచే పదార్థం ప్రభావమే బయటపడుతుంది. పైకి లోపంలా కనిపించే ఈ నిదానమే ప్రయోగానికి బలం.

డయాబెటిస్ ఎలుకతో కలిపి కుట్టిన మామూలు ఎలుక తిండి మానేసింది. రక్తంలో చక్కెర పడిపోయి, ఖాళీ కడుపుతో చనిపోయింది. పక్కనున్న డయాబెటిస్ ఎలుక మాత్రం లావెక్కుతూనే ఉంది. అంటే అది 'ఇక చాలు' అనే సంకేతాన్ని కుప్పలుగా తయారుచేస్తోంది, కానీ అందుకోలేకపోతోంది. మరోవైపు, మామూలు ఎలుకతో కలిపిన ఒబీస్ ఎలుక తిండి తగ్గించింది. దాన్నే డయాబెటిస్ ఎలుకతో కలిపితే పస్తులుండి చచ్చిపోయింది. ఒబీస్ ఎలుకలో సంకేతం లేదని, డయాబెటిస్ ఎలుకలో దాన్ని అందుకునే గ్రాహకం లేదని కోల్‌మన్ తేల్చారు.

చెప్పడానికి ఇది నాలుగు వాక్యాలే. చేయడానికి ఏళ్లు పట్టింది. వేర్వేరు వంశాల ఎలుకలను కలిపి కుడితే ఒకదాని శరీరం మరోదాన్ని తిరస్కరిస్తుంది. ఈ రెండు జన్యుమార్పులు బయటపడిందేమో వేర్వేరు వంశాల్లో. వాటిని ఒకే వంశంలోకి తేవాలంటే తరాల తరబడి సంకరం చేయాలి. పైగా లావెక్కిన ఎలుకలకు పిల్లలు పుట్టవు. లోపమున్న జన్యువును ఒక్క ప్రతిగా మోసే, చూడటానికి మామూలుగా ఉండే ఎలుకలనే జతకట్టించాలి. వాటి పిల్లల్లో దాదాపు నాలుగో వంతే లావెక్కుతాయి. జన్యు పరీక్షలు లేని ఆ కాలంలో ఏ ఎలుక ఆ జన్యువును మోస్తోందో దాని సంతానాన్ని చూసే తేల్చుకోవాలి.

రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1994 డిసెంబరులో ఒబీస్ జన్యువును గుర్తించింది. ఆ జన్యువు తయారుచేసే హార్మోనుకు లెప్టిన్ అని పేరొచ్చింది. అది పుట్టేది అప్పటిదాకా చాలామంది కేవలం నిల్వగదిగా చూసిన కొవ్వు కణజాలంలో. దాని గ్రాహకం 1995లో దొరికింది. డయాబెటిస్ ఎలుకలో చెడింది సరిగ్గా అదే.

లెప్టిన్ హక్కుల కోసం ఆమ్‌జెన్ అనే మందుల సంస్థ రాక్‌ఫెల్లర్‌కు 2 కోట్ల డాలర్లు చెల్లించింది. కానీ మందుగా లెప్టిన్ నిరాశపరిచింది. లావుగా ఉన్న చాలామందిలో అది అప్పటికే ఎక్కువగా ఉంటుంది, శరీరమే దానికి సరిగా స్పందించదు. దీన్ని కోల్‌మన్ సిద్ధాంతానికి తగిలిన దెబ్బగా చెప్పడం పొరపాటు. పుట్టుకతో లెప్టిన్ లేని పిల్లలు కొందరు ఉన్నారు. లెప్టిన్ ఇంజెక్షన్ ఇస్తే వాళ్ల తీరని ఆకలి తగ్గుతుంది, బరువు దిగుతుంది. ఒబీస్ ఎలుకలో జరిగేది ఇదే. లోపం ఎక్కడుందో తేల్చకుండా అందరికీ ఒకే మందు పనిచేస్తుందని ఆశించడంలోనే తప్పుంది.

ఆయన పనిలో దీనంత పేరు రాని మరో భాగం ఉంది. నా దృష్టిలో మధుమేహానికి సంబంధించి అదే ఎక్కువ విలువైనది. ఒకే జన్యుమార్పు 'కేఎస్' అనే ఎలుకల వంశంలో ఉంటే ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు క్షీణించి మధుమేహం ముదురుతుంది. 'సిక్స్‌జే' అనే మరో వంశంలో ఆ కణాలు పెరిగి, ఇన్సులిన్ ఎక్కువగా తయారై, చక్కెర చాలావరకు అదుపులోకి వస్తుంది. లావు రెండింటిలోనూ ఉంటుంది. మధుమేహం ఎంత ముదురుతుందో మాత్రం మిగతా జన్యువుల మీద ఆధారపడుతుంది. ఒకే బరువున్న ఇద్దరిలో ఒకరికే మధుమేహం ఎందుకొస్తుందన్న ప్రశ్నకు దారి చూపేది ఇదే. డయాబెటిస్ ఎలుకల మీద కొత్త మందు పనిచేసిందన్న వార్త కనిపిస్తే ముందు చూడాల్సింది మందు పేరు కాదు, ఆ ఎలుక వంశం. 'కేఎస్' ఎలుకలో బీటా కణాలను కాపాడిన మందు గురించి 'సిక్స్‌జే' ఎలుక ఏమీ చెప్పకపోవచ్చు, ఎందుకంటే అక్కడ ఆ కణాలు అంతగా చావవు.