సవరణ: నగరం గ్రామ గ్యాస్ పైపులైనుకు తుప్పు పట్టింది లోపలి నుంచి

2014 జూన్ 27న తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో పేలిపోయి, ఇరవై మందికి పైగా ప్రాణాలు తీసిన గ్యాస్ పైపులైనుకు నేలలోని తేమ వల్ల బయటి నుంచి తుప్పు పట్టిందని మా గత వ్యాసంలో రాశాము. అది తప్పు. పొడి గ్యాస్ కోసం వేసిన ఆ లైనులో నీరు కలిసిన గ్యాస్‌ను పంపడం వల్ల గొట్టాన్ని తుప్పు లోపలి నుంచి తినేసిందని విచారణలో తేలింది.

ఈ తేడా చిన్నది కాదు. గ్యాస్‌లోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి ఆమ్లమవుతుంది. ఆ నీరు గొట్టం అడుగుభాగాన, ముఖ్యంగా పల్లపు చోట్ల నిలిచి, అక్కడి ఉక్కును గుంటలు గుంటలుగా తొలిచివేస్తుంది. పూడ్చిన గొట్టాలకు తుప్పు పట్టకుండా స్వల్ప విద్యుత్తుతో ఇచ్చే కాథోడిక్ రక్షణ బయటి ఉపరితలాన్నే కాపాడుతుంది కనుక, దాని రీడింగులు ఎంత బాగున్నా లోపలి స్థితిని గురించి ఏమీ చెప్పవు. మా వ్యాసం చదివి, ఆ రీడింగులు సరిగా ఉంటే చాలునని ఎవరైనా భావించి ఉంటే, ఆ బాధ్యత మాదే.

గొట్టం పైభాగంలో మాత్రమే అల్ట్రాసోనిక్ (అతిధ్వని తరంగాల) పద్ధతిలో గోడ మందం కొలిస్తే సరిపోతుందన్న వాక్యాన్ని కూడా ఉపసంహరించుకుంటున్నాము. అడుగుభాగాన్ని తప్పక కొలవాలి. వీలున్న లైన్లలో లోహ నష్టాన్ని గుర్తించే పిగ్‌ను, అంటే గొట్టంలో ప్రయాణిస్తూ తనిఖీ చేసే పరికరాన్ని, లోపల నడపాలి. అన్నిటికంటే ముందు, గ్యాస్‌లోని నీటిని లైనులోకి పంపక మునుపే తొలగించాలి. పాఠకులకు మా క్షమాపణలు.